కంభం చెరువు పేజీ తెరుచుకోవాలి: తెలుగు లేబుళ్ల ప్రాజెక్టు డైరీ

నవంబర్ 9, 2024

గురువారం నుంచి గ్రంథాలయ వారోత్సవాలు. మార్కాపురంలో మా వీధి పిల్లల గ్రంథాలయంలో నాలుగు కంప్యూటర్లున్నాయి. శని, ఆదివారాల్లో వాటి బాధ్యత నాది. ఈరోజు ఎనిమిదో తరగతి అమ్మాయి ఒకతె కంభం చెరువు మీద చార్టు వేస్తానని వచ్చి కూర్చుంది. మా పక్క ఊరి చెరువు. విజయనగర రాకుమారి వరదరాజమ్మ కట్టించిందని పెద్దలు చెప్పుకునే చెరువు. 2020లో అంతర్జాతీయ నీటిపారుదల సంస్థ ప్రపంచ వారసత్వ నీటిపారుదల కట్టడంగా గుర్తించిన చెరువు. చార్టుకు ఇంతకంటే మంచి విషయం ఏముంటుంది!

రెండు నిమిషాలకే ‘అక్కా’ అని సన్నగా పిలిచింది. స్క్రీను నిండా ఎర్ర పేజీ. మధ్యలో పెద్ద అక్షరాలతో ‘అడల్ట్ కంటెంట్’ అని, కింద ‘ఈ ప్రయత్నం నమోదు చేయబడింది’ అని ఇంగ్లిష్‌లో ఉంది. ఆ పిల్ల మౌస్ మీద నుంచి చెయ్యి తీసేసి ఒళ్లో పెట్టుకుంది. “నేనేం తప్పుగా కొట్టలేదక్కా, కంభం అనే కొట్టాను” అంది. పక్క కంప్యూటర్ దగ్గరున్న మగపిల్లలు తలలు తిప్పి చూస్తున్నారు.

కారణం తెలియడానికి ఎక్కువసేపు పట్టలేదు. ఇంగ్లిష్‌లో ఈ ఊరి పేరును సి-యు-ఎం-బి-యు-ఎం అని రాస్తారు. ఆ ఆరు అక్షరాలను సరిగ్గా మధ్యకు విరిస్తే వచ్చే రెండు ముక్కలూ ఇంగ్లిష్ బూతుల జాబితాలో ఉన్నవే. తగని పేజీలను ఆపడానికి మేం వాడుతున్న రెడీమేడ్ ఫిల్టర్ మాట చూస్తుంది కానీ మాట మొదలెక్కడో చివరెక్కడో చూడదు. ఇది పాత జబ్బే. 1996లో ఇంగ్లండ్‌లోని స్కన్‌థోర్ప్ అనే ఊరివాళ్లు తమ ఊరి పేరు వల్లే అమెరికా ఆన్‌లైన్ అనే ఇంటర్నెట్ సేవలో ఖాతా తెరవలేకపోయారు. దాదాపు ముప్పై ఏళ్ల తర్వాత అదే జబ్బు మా ఊరికొచ్చి ఓ పిల్లని అందరి ముందూ తలవంచుకునేలా చేసింది.

ఆ పేజీని అప్పటికప్పుడు అనుమతించాను. చార్టు పని మొదలైంది. సాయంత్రం అందరూ వెళ్లాక, రెండు నెలలుగా ఆ ఫిల్టర్ ఏమేం ఆపిందో పట్టీ తీసి చదివాను. రక్తదానం గురించి ఒక పేజీ. రొమ్ము క్యాన్సర్ గురించి ఒక పేజీ. ఆడపిల్లలకు నెలసరి గురించి వివరంగా, మర్యాదగా రాసిన ఒక ఆరోగ్య పేజీ. ఈ చివరిదాన్ని మూడు వేర్వేరు రోజుల్లో తెరవబోయారు. ఒక్కరూ వచ్చి నన్ను అడగలేదు. చెరువు గురించి కాబట్టి ఈ అమ్మాయి పిలిచి అడగగలిగింది. దాని గురించి ఎవరు అడుగుతారు?

ఇంకో సంగతి కూడా చూశాను. తెలుగు లిపిలో పచ్చి బూతు కథలుండే రెండు సైట్లను నేనే పరీక్షగా కొట్టి చూస్తే, ఏ అడ్డూ లేకుండా తెరుచుకున్నాయి. అంటే ఈ ఫిల్టర్‌కు తెలుగు అసలు రాదు. మా పిల్లలు చదవాల్సినవి ఆపుతోంది, వద్దనుకున్నవి వదిలేస్తోంది.

దీన్ని ఇలా వదలడం నాకిష్టం లేదు. ఈ రాత్రి నుంచే డైరీ రాస్తున్నాను.

నవంబర్ 16

మొదట అందరికీ తట్టే ఆలోచనే నాకూ తట్టింది: తెలుగు చెడ్డ మాటల జాబితా ఒకటి చేసేస్తే సరిపోతుంది కదా అని. ఈ2గార్డియన్ అనే ఉచిత ఫిల్టర్ సాఫ్ట్‌వేర్ ఉంది. డాన్స్‌గార్డియన్ అనే పాత ఫిల్టర్‌కు వారసుడు. అది ఒక్క మాటకే పేజీని ఆపదు. ఒక్కో మాటకు కొంత తూకం ఇచ్చి, పేజీ మొత్తం కూడి, హద్దు దాటితే ఆపుతుంది. డాన్స్‌గార్డియన్ కాలం నుంచీ వస్తున్న సూచన ప్రకారం చిన్నపిల్లలకు హద్దు 50, పెద్దపిల్లలకు 100, కుర్రవాళ్లకు 160. పద్ధతి బాగుంది. దానితో వచ్చిన మాటల ఫోల్డర్లో తెలుగు దొరకలేదు, కాబట్టి నేనే మొదలుపెట్టాను.

రెండు గంటల్లో తెలిసింది, తెలుగు మాటను ఇలా పట్టుకోలేమని. హింస కోసం ‘చంప’ అని పెట్టాను. చంపడం, చంపాడు, చంపిన, చంపేస్తా అన్నీ దొరుకుతాయి కదా. దొరికాయి. వాటితోపాటు చంపకమాల దొరికింది. 1917 నాటి చంపారన్ సత్యాగ్రహం దొరికింది. పదో తరగతి పిల్లాడికి ఒక పక్క ఛందస్సు, ఇంకో పక్క గాంధీజీ, రెండూ బంద్. మద్యం కోసం ‘తాగు’ అని పెడితే తాగునీటి పథకాల వార్తలన్నీ ఆగాయి. ‘మందు’ సంగతి చెప్పక్కర్లేదు. జ్వరానికి వేసుకునేదీ మందే, పొలంలో కొట్టేదీ మందే, సీసాలోదీ మందే, దీపావళికి కాల్చేదాంట్లో ఉన్నదీ మందే. ‘నరక’ అంటే నరకాసురుడు వచ్చాడు.

మన భాషలో మాట ఒంటరిగా ఉండదు. ముందో వెనకో ఇంకోటి అతుక్కునే ఉంటుంది. పైగా రాత పద్ధతుల గొడవ ఒకటి. ‘సాఫ్ట్‌వేర్’ లాంటి మాటల మధ్యలో కంటికి కనబడని విడదీత గుర్తు ఒకటుంటుంది. కొందరు పెడతారు, కొందరు పెట్టరు. ఐత్వం గుర్తును ఒక్క కోడ్‌గానూ రాయొచ్చు, రెండు కోడ్‌లు కలిపీ రాయొచ్చు. తెర మీద రెండూ ఒకేలా కనిపిస్తాయి, కంప్యూటర్‌కు మాత్రం వేరు వేరు. అన్నిటినీ ఒకే రూపంలోకి తెచ్చే కోడ్ రాశాను. అది తర్వాతైనా పనికొస్తుంది. జాబితా మాత్రం పక్కన పెట్టేశాను.

ఈ2గార్డియన్‌తో ఇంకో చిక్కు కూడా ఉంది. ఇప్పుడు దాదాపు సైట్లన్నీ హెచ్‌టీటీపీఎస్, అంటే పేజీని దారిలో ఎవరూ చదవకుండా తాళం వేసి పంపుతాయి. పేజీ లోపలి మాటలు చదవాలంటే మధ్యలో మన సొంత సర్టిఫికెట్ పెట్టి, ప్రతిదాన్నీ విప్పి చూడాలి. రైలు టికెట్టు బుక్ చేసుకోడానికి వచ్చే పెద్దల పాస్‌వర్డులు కూడా అందులో నుంచే పోతాయి. అది నేను చెయ్యను.

నవంబర్ 24

వారోత్సవాలు బాగా జరిగాయి. కంభం చార్టుకు రెండో బహుమతి వచ్చింది.

ఈ వారమంతా పాత చరిత్ర చదివాను. మాటలు వెతకడం కాకుండా, పేజీలో ఏముందో ముందే రాసిపెట్టే లేబుళ్ల ఆలోచన కొత్తదేమీ కాదు. 1996 అక్టోబరులో వెబ్‌కు ప్రమాణాలు రాసే వరల్డ్ వైడ్ వెబ్ కన్సార్టియం, పిక్స్ అనే లేబుళ్ల ప్రమాణం విడుదల చేసింది. పాల్ రెస్నిక్, జేమ్స్ మిల్లర్ దాని ముఖ్య రూపకర్తలు. అమెరికాలో ఇంటర్నెట్ అసభ్యత మీద ప్రభుత్వం చట్టం తెచ్చిన ఏడాది అది. ఆ చట్టంలో అసభ్యతకు సంబంధించిన భాగాలను 1997 జూన్‌లో సుప్రీంకోర్టు కొట్టేసింది. ప్రభుత్వం నోరు నొక్కకుండా, తల్లిదండ్రులకే పగ్గాలు ఇవ్వాలన్నది పిక్స్ వాళ్ల ఉద్దేశం. లేబుల్ రాసేది ఒకరు, దాన్ని చూసి ఈ పిల్లాడికి సరేనా కాదా అని తేల్చేది ఇంకొకరు. ఈ రెండు పనులనూ విడదీశారు. నాకు బాగా నచ్చింది ఇదే.

ఆ పద్ధతిలో మొదట పేరొచ్చిన లేబుళ్లు ఆర్‌ఎస్‌ఏసీ సంస్థవి. హింస, నగ్నత్వం, శృంగారం, భాష అని నాలుగు విషయాలు, ఒక్కోదానికి 0 నుంచి 4 వరకు మెట్లు. ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ 3 బ్రౌజర్‌లోనే వాటిని చదివే కంటెంట్ అడ్వైజర్ అనే సౌకర్యం వచ్చింది. ఆ తర్వాత దాని స్థానంలో ఐసీఆర్‌ఏ అనే సంస్థ వచ్చి మెట్లు తీసేసి, ‘ఇది ఉంది, ఇది లేదు’ అని గుర్తుపెట్టే పద్ధతి తెచ్చింది. వైద్యం కోసమా, పాఠం కోసమా, కళ కోసమా అని సందర్భం చెప్పే వీలూ పెట్టింది. ఇదంతా 2010తో ముగిసింది. పిక్స్‌నూ 2009లో పక్కన పెట్టేశారు.

ఎందుకు నిలవలేదు? సైటు యజమాని తనకు తాను లేబుల్ పెట్టుకుంటే అతనికి ఒరిగేదేమీ లేదు. 1997లో వార్తలకు కూడా లేబుళ్లంటే వార్తాసంస్థలు ఒప్పుకోలేదు, అందులో న్యాయమూ ఉంది. యుద్ధవార్తకు ‘హింస 4’ అని అంటిస్తే ఆ వార్త ఎవరికి చేరుతుంది? చివరికి లేబుళ్లున్న సైట్లు కొన్నే అయ్యాయి. లేబుల్ లేనివాటిని ఆపితే వెబ్ అంతా మాయం, ఆపకపోతే లేబుల్ ఉండి ప్రయోజనం లేదు. ఆ రెంటి మధ్య పడి నలిగిపోయింది.

అందులో నుంచి నేను తీసుకునేది ఒకటుంది. లేబుల్ సైటువాళ్లే పెట్టక్కర్లేదు, చదివిన మూడో మనిషి కూడా పెట్టి పంచవచ్చని పిక్స్‌లోనే ఉంది. దాన్ని లేబుల్ బ్యూరో అన్నారు. ప్రపంచం మొత్తానికి ఎవరూ చెయ్యలేకపోయారు. మా నలభై మంది పిల్లలు తెరిచే తెలుగు పేజీలకు మేం చెయ్యలేమా?

డిసెంబర్ 1

మొదటి కూర్చోవడం. నేను, మా వదిన, తెలుగు మాస్టారు. వదిన ఆరోగ్య కేంద్రంలో నర్సు. మాస్టారు హైస్కూల్లో ముప్పై ఏళ్లు తెలుగు చెప్పి రిటైరయ్యారు. ముగ్గురం మూడు రకాలుగా చదువుతామనే వీళ్లని అడిగాను.

విషయాలు ఖాయం చేశాం: కొట్లాట, రక్తం-గాయాలు, శరీరం, శృంగారం, బూతు మాటలు, మద్యం-పొగాకు, జూదం, భయపెట్టేవి. ‘శరీరం’, ‘శృంగారం’ వేరుగా ఉండాల్సిందేనని వదిన పట్టుబట్టింది. “శరీరం గురించి చెప్పే ప్రతి పేజీనీ ఆ రెండో గంపలో వేయబట్టే కదమ్మా, పిల్లలు మా దగ్గరికి రావడానికి కూడా సిగ్గుపడేది” అంది. ఆమె అన్నది అక్షరాలా నిజం.

ప్రతి గుర్తుకూ సందర్భం జోడించాలి: పాఠం, వైద్యం, వార్త, పురాణం-సాహిత్యం, వినోదం, అమ్మకం. నరసింహుడు హిరణ్యకశిపుణ్ని చీల్చడం కొట్లాటే, రక్తమే, పురాణం. ముగ్గురం ఒప్పుకున్నాం.

‘మంచిది’, ‘చెడ్డది’, ‘అనుచితం’ అన్న మాటలు లేబుల్లో ఎక్కడా రాకూడదని కూడా అనుకున్నాం. పేజీలో ఏముందో చెప్పాలి, అంతే. అమెరికా గ్రంథాలయ సంఘం 1951లోనే లేబుళ్ల మీద ఒక ప్రకటన చేసింది. పుస్తకం దొరకడానికి దారి చూపే గుర్తు వేరు, పాఠకుడి మనసును ముందే విరిచే గుర్తు వేరు, ఈ రెండోది సెన్సార్ పని అన్నది వాళ్ల మాట. మాదీ గ్రంథాలయమే. మాకూ అదే వర్తిస్తుంది.

మాస్టారు చివర్లో ఒకటన్నారు: “మన మార్కాపురం పలక లాగుండాలమ్మా. తప్పు రాస్తే తుడిచి రాయగలగాలి.” అందుకే ప్రతి లేబుల్ మీదా ఎవరు రాశారు, ఏ తేదీన రాశారు, ఎప్పటివరకు చెల్లుతుంది అని మూడు గళ్లు పెట్టాను. చిత్రమేమిటంటే, పిక్స్‌లో సరిగ్గా ఈ మూడు గళ్లూ ఉన్నాయి.

డిసెంబర్ 15

ఒకే 120 పేజీలను ముగ్గురం విడివిడిగా, ఒకరిది ఒకరు చూడకుండా లేబుల్ చేశాం. ఈరోజు కలిపి చూస్తే 37 పేజీల్లో తేడా వచ్చింది.

తేడాల్లోనే అసలు పని ఉంది. అన్నీ రాయను, మూడు రాస్తాను.

పొలంలో పాము కరిస్తే ఏం చేయాలో చెప్పే పేజీ. వాచిన కాలు ఫొటో ఉంది. నేను ‘రక్తం-గాయాలు, భయపెట్టేది’ అన్నాను. వదిన ‘గాయాలు, వైద్యం’ అంది, అంతే. “భయం నీకు వేసింది, పేజీలో లేదు” అంది. అప్పటి నుంచి ఒక నియమం పెట్టుకున్నాం: మనకేమనిపించిందో కాదు, చూపుడువేలు పెట్టి చూపించగలిగింది మాత్రమే రాయాలి.

పాత పదకవితలు వివరించే సాహిత్య పేజీ. దేవుడికీ దేవికీ మధ్య శృంగారం, భక్తితో రాసిన పాటలు. మాస్టారు ‘శృంగారం, సాహిత్యం’ అని ఏ తడబాటూ లేకుండా రాశారు. నేను ఖాళీగా వదిలేశాను. దేవుడి పాటకు ఆ గుర్తు పెట్టడానికి చెయ్యి రాలేదు. మాస్టారు కోప్పడలేదు. “ఉన్నది ఉందని చెప్పడంలో అగౌరవం ఏముంది? తీసెయ్యమనడం కదా అగౌరవం” అన్నారు. నా లేబుల్ మార్చాను.

మూడోది ఒక సినిమా వార్తల పేజీ. వార్తలో ఏమీ లేదు. ముగ్గురం మూడు రకాలుగా రాయడానికి కారణం వార్త కాదు, చుట్టూ ఉన్నవి. దాని సంగతి తర్వాత.

డిసెంబర్ 22

లేబుళ్లను చదివే ముక్క తయారైంది. ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్‌కు ఎక్స్‌టెన్షన్‌గా, అంటే దానికి తగిలించే చిన్న ప్రోగ్రాంగా రాశాను. పేజీ తెరవబోయే ముందు చిరునామా పట్టుకుని, మా జాబితాలో లేబుల్ ఉందా చూసి, ఆ కంప్యూటర్‌కు ఎంచుకున్న వయసు అమరికతో పోల్చి, వదలాలో ఆపాలో తేలుస్తుంది. రావడానికి ముందే పేజీని ఆపే పాత సౌకర్యాన్ని ఫైర్‌ఫాక్స్ ఇప్పటికీ ఉంచింది కాబట్టి దాన్నే ఎంచుకున్నాను. పిల్లలు తీసెయ్యకుండా పాలసీ ఫైలులో (సెట్టింగులను మార్చనివ్వని ఫైలు) బిగించాను.

ఎక్కువ బాధపెట్టింది చిరునామాలే. తెలుగు అక్షరం ఒక్కోటి కంప్యూటర్లో మూడు బైట్లు. అదే వెబ్ చిరునామాలో పడితే ఒక్కో బైటు శాతం గుర్తుతో మూడు అక్షరాలవుతుంది. ‘కంభం’ అనే నాలుగు గుర్తుల మాట 36 అక్షరాల తోకగా మారుతుంది. ఒకే పేజీ ఒకచోట తెలుగులో, ఒకచోట ఆ తోకతో, ఒకచోట మొబైల్ చిరునామాతో, ఇంకోచోట వాట్సాప్ నుంచి వచ్చిందని తోకకు ఇంకో తోకతో వస్తుంది. అన్నిటినీ ఒక్క రూపానికి తేకపోతే లేబుల్ దొరకదు. నవంబర్లో అక్షరాల రూపాలు కలపడానికి రాసిన కోడ్ ఇక్కడ అక్కరకొచ్చింది.

సైటు మొత్తానికి ఒక లేబుల్, లోపలి పేజీకి వేరే లేబుల్ ఉంటే, పేజీదే చెల్లుతుంది. ఇదీ పిక్స్ దగ్గర నేర్చుకున్నదే. ఒక పెద్ద కథల సైటులో పిల్లల కథలున్నాయి, పెద్దల కథలూ ఉన్నాయి. సైటు మొత్తాన్ని మూసేస్తే పిల్లల కథలు పోతాయి.

అడుగున మాత్రం ఒక గట్టి పునాది వేసుకున్నాను. రాస్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్ మీద డీఎన్‌ఎస్ (సైటు పేరును దాని అంకెల చిరునామాగా మార్చే సేవ) పెట్టి, పైన క్లౌడ్‌ఫ్లేర్ వాళ్ల కుటుంబ డీఎన్‌ఎస్ 1.1.1.3 తగిలించాను. ప్రపంచానికంతా తెలిసిన అశ్లీల సైట్లు అక్కడే ఆగిపోతాయి. గూగుల్ వెతుకులాటను అశ్లీల ఫలితాలు దాచే సేఫ్‌సెర్చ్‌కూ, యూట్యూబ్‌ను పరిమిత మోడ్‌కూ అక్కడి నుంచే మళ్లించవచ్చు. డీఎన్‌ఎస్‌కు ఊరు తెలుస్తుంది, ఇల్లు తెలియదు. అంటే సైటు పేరు మాత్రమే చూడగలదు, ఏ పేజీయో చూడలేదు. అందుకే పైన మా లేబుళ్లు.

జనవరి 5, 2025

సినిమా వార్తల పేజీ సంగతి. వార్త కింద పన్నెండు చిన్న బొమ్మలు. అందులో సగం ఈ వయసు పిల్లల ముందు తెరవలేనివి, రెండు రమ్మీ ఆటవి. ఆంధ్రప్రదేశ్‌లో 2020లోనే ఆన్‌లైన్ జూదాన్ని నిషేధించారు. ప్రకటన మాత్రం పిల్లల పేజీ కిందికి వచ్చి కూర్చుంటోంది. అదే పేజీని వదిన ఫోన్లో తెరిస్తే చీరల ప్రకటనలొచ్చాయి, మాస్టారు ఇంట్లో అయితే మోకాళ్ల నొప్పుల నూనె. ముగ్గురం మూడు పేజీలు చూసి ఒకే పేజీ అనుకుని లేబుల్ చేశామన్నమాట.

లేబుల్ అంటేనే ‘ఈ పేజీలో ఇది ఉంది’ అన్న హామీ. చూసేవాళ్లను బట్టి మారే పేజీకి ఎవరు హామీ ఇవ్వగలరు? రెండు రోజులు ఇదే టెన్షన్. చివరికి రెండు పనులు చేశాం. గ్రంథాలయం కంప్యూటర్లలో ప్రకటనలను ఆపే ఎక్స్‌టెన్షన్ వేశాం. లేబుల్ ‘రాసినవాళ్ల మాటకు’ మాత్రమే అని నియమం రాసుకున్నాం. పాఠకుల కామెంట్లున్న పేజీకి ‘కామెంట్లున్నాయి’ అని విడిగా గుర్తు. కామెంట్లలో ఈరోజు ఏమీ లేకపోవచ్చు, రేపు ఏమైనా పడొచ్చు. అలాంటి పేజీ లేబుల్‌కు గడువు నెల రోజులే.

జనవరి 12

పండక్కి ముందు పిల్లల అమ్మానాన్నలతో మీటింగ్. పద్దెనిమిది మంది వచ్చారు, ఎక్కువమంది అమ్మలే.

ఆటో నడిపే ఒకాయన మొదటే “అన్నీ మూసెయ్యండి మేడమ్, చదువు సైట్లు నాలుగుంచండి చాలు” అన్నారు. ఆయన భయం నాకు అర్థమైంది. ఫోన్లో పిల్లాడు ఏం చూస్తున్నాడో ఆయన చూడలేరు, చూసే టైమూ లేదు. నేను వాదించలేదు. కంభం చెరువు పేజీ, ఆ పాత ఎర్ర పేజీ పక్కపక్కన చూపించాను. తర్వాత నెలసరి పేజీ ఆగిపోయిందని చెప్పాను. ఆడవాళ్లు కాసేపు ఏమీ మాట్లాడలేదు. ఆ తర్వాత ఒకావిడ “మా పెద్దమ్మాయికి ఎవరూ చెప్పలేదు, నేనూ చెప్పలేదు. చిన్నదానికైనా చదవనివ్వండి” అంది.

వయసు అమరికలు ఎలా పెట్టాలన్నదానికి వదిన ఇచ్చిన సలహా బాగా పనిచేసింది. 2021 ఐటీ నియమాల వల్ల ఓటీటీల్లో యూ/ఏ 7+, 13+, 16+ అని కనిపిస్తాయి కదా. 2023 చట్ట సవరణతో సినిమా సర్టిఫికెట్లలోకీ అవే వచ్చాయి. అమ్మలకు ఆ గుర్తులు అలవాటే. అందుకే మా ఫారంలోనూ అవే మూడు మెట్లు పెట్టాం. ఒక్కో మెట్టులో ఎనిమిది విషయాలు, సందర్భాలతో సహా. ఇంట్లోవాళ్లు గీత కొట్టి మార్చుకోవచ్చు. ‘జూదం, వార్త సందర్భం’ దగ్గర మాత్రం అందరూ ఆగారు. సంక్రాంతి ముందు కదా, కోడి పందేల పేజీలే పేజీలు. పందేల వార్త చదవొచ్చా? ఆటో ఆయనే “వార్త చదవనివ్వండి, పోలీసులు పట్టుకున్నారని కూడా అందులోనే ఉంటుంది” అన్నారు. చివరికి పద్దెనిమిది ఫారాల్లో ఏ రెండూ ఒకేలా లేవు. లేబుల్‌ను, తీర్పును విడదీయకపోతే ఇది కుదిరేదే కాదు.

ఎవరు ఏ పేజీ తెరిచారో మాకు పంపుతారా అని ఒకరడిగారు. పంపం అని చెప్పాను. 2023 నాటి డేటా రక్షణ చట్టం 18 ఏళ్లలోపు అందరినీ పిల్లలుగానే లెక్కేసి, వాళ్ల కదలికలను వెంటాడి గమనించడం తగదంటుంది. చట్టం సంగతి అలా ఉంచితే, పేర్లు రాసుకునే చోట ఏ ఆడపిల్లా తన సందేహాన్ని వెతకదు. ఆగిపోయిన పేజీల పట్టీ ఉంటుంది, ఎవరు తెరవబోయారో ఉండదు.

జనవరి 26

తొమ్మిదో తరగతి కుర్రాడొకడు బ్రౌజర్ సెట్టింగుల్లో డీఎన్‌ఎస్ మార్చి మా పునాదిని దాటాడు. ఎలా చేశాడో వాడినే అడిగితే చక్కగా చెప్పాడు. పాలసీ ఫైలులో అది కూడా బిగించాను. దాటేదారులు వెతికి చూపించే పని వాడికే అప్పగించాను. వాడు చాలా శ్రద్ధగా చేస్తున్నాడు. ఇంట్లో ఫోన్లో మా లేబుళ్లు ఉండవు, ఆ సంగతి అమ్మలకు ముందే చెప్పాను.

ఈ వారం ముఖ్యమైన పని అడ్డు పేజీని మార్చడం. ఎరుపు తీసేశాను. ‘నమోదు చేయబడింది’ తీసేశాను. ఇప్పుడు పలక రంగు మీద తెల్ల అక్షరాలు: “ఈ పేజీలో జూదం ఉంది, అమ్మకం కోసం. మీ ఇంట్లోవాళ్లు ఎంచుకున్న అమరికలో ఇది లేదు. లేబుల్ తప్పనిపిస్తే ఈ బటన్ నొక్కండి. పేరు రాయక్కర్లేదు.” మొదటి వారంలోనే బటన్ 11 సార్లు నొక్కారు. చూస్తే ఏడుసార్లు పిల్లలదే ఒప్పు.

కథల సైటు యజమానికి ఉత్తరం రాశాను. పెద్దల కథలను ఒక విడి ఫోల్డర్లో పెట్టి, వాటికి ‘పెద్దలకు మాత్రమే’ అని చెప్పే ఆర్‌టీఏ గుర్తు పెట్టమని అడిగాను. 2006 నుంచి ఉన్న ఉచిత లేబుల్ అది. ‘ఆర్‌టీఏ-5042-1996-1400-1577-ఆర్‌టీఏ’ అన్న ఒక్క వాక్యాన్ని పేజీ తలలో రాస్తే చాలు, చాలా ఫిల్టర్లు గుర్తుపడతాయి. గూగుల్ సేఫ్‌సెర్చ్ కూడా దాన్ని చదువుతుంది. పెద్దల పేజీలను విడిగా ఉంచమని గూగుల్ కూడా చెబుతుంది, కలిపి ఉంచితే సైటు మొత్తాన్నీ పెద్దలదిగా లెక్కేసే ప్రమాదం ఉంది. ఆయనకు ఇది నచ్చచెప్పడం కష్టం కాలేదు. తన పిల్లల కథలు ఎందుకు వెతుకులాటలో రావడం లేదా అని ఆయన చాలాకాలంగా బాధపడుతున్నారట.

ఫిబ్రవరి 9

మొత్తం 640 పేజీలకు లేబుళ్లయ్యాయి. లేబుల్ లేని పేజీ తెరిస్తే 7+ అమరికలో ఆగుతుంది, మిగతా రెంటిలో తెరుచుకుని పైన ‘ఇంకా చదవలేదు’ అని చిన్న పట్టీ వస్తుంది. ఆ పట్టీ మీద నొక్కితే మేం చదవాల్సిన పేజీల వరుసలో చేరుతుంది. పిల్లలు అసలు ఏం చదువుతున్నారో దాన్నిబట్టే పని చేస్తున్నాం. వెబ్ మొత్తాన్ని చదవడం మా వల్ల కాదు. ఈ పిల్లలు తెరిచేవి చదవగలం.

మధ్యాహ్నం ఆగిపోయిన పేజీల పట్టీ చూశాను. నెలసరి పేజీ అందులో లేదు. వారంలో తొమ్మిదిసార్లు తెరిచారు. ‘శరీరం, వైద్యం’ అని లేబుల్. రాసింది వదిన, తేదీ డిసెంబర్ 8, గడువు ఏడాది. ఆ పేజీలో ఒకచోట పాత సలహా ఉందని వదిన అంటోంది. ఆ సైటువాళ్లకు తనే రాస్తానంది.

సాయంత్రం కంభం అమ్మాయి వచ్చింది. ఈసారి వేసవి ప్రాజెక్టుకు గుండ్లకమ్మ నది. వాళ్ల చెల్లిని కూడా తీసుకొచ్చింది, ఆ పాప ఐదో తరగతి. చెల్లి కోసం వాళ్లమ్మ నింపిన ఫారం నా చేతికిచ్చి, “అక్కా, దీంట్లో భయపెట్టేవి దగ్గర అమ్మ టిక్ పెట్టలేదు. దయ్యాల కథలు చదువుతానని ఇది ఏడుస్తోంది. పురాణం-సాహిత్యం సందర్భానికి పెట్టొచ్చా?” అని అడిగింది. అమ్మనే అడిగి రమ్మన్నాను. ఇద్దరూ పరుగెత్తారు. వాళ్లు తిరిగొచ్చేలోపు గుండ్లకమ్మ మీద ఉన్న నాలుగు పేజీలు చదివి లేబుల్ చేయాలి.